తమ పనులు తాము చేసుకోగలరా?

మహారాష్ట్రలోని థానే జిల్లా భివండిలో ధామన్కర్ నాకా దగ్గర దిగినవారికి తెలుగు మాట చెవిన పడటానికి ఎక్కువసేపు పట్టదు. దగ్గర్లోనే పద్మనగర్, ఇంకొంచెం ముందుకు వెళ్తే కామత్‌ఘర్, వరాలదేవి చెరువు. సందు సందుకూ సాంచల (మరమగ్గాల) చప్పుడు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు జిల్లాల్లో మగ్గం కూడు పెట్టక బయల్దేరి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే బతుకుతున్నాయి. పన్నెండు గంటల పాళీలు చేసి ఈ ఊరిని నేసినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లకు వచ్చారు. కొడుకు సాంచల మీద ఉంటాడు, కోడలు బీడీల చాట ముందు కూర్చుంటుంది, మనవడు ఏ గోదాములోనో సరుకు ఎత్తుతుంటాడు. ఒక్క గది ఖోలీలో మంచం పట్టిన మనిషిని పగలంతా కనిపెట్టుకుని ఉండే చేయి దొరకదు. ఒకప్పుడు మన ఇళ్లలో పలకడానికే సంకోచించిన వృద్ధాశ్రమం అనే మాట ఇప్పుడు అందుకే వినిపిస్తోంది.

ఆశ్రమానికి ఫోన్ చేస్తే మరాఠీలోనో హిందీలోనో ముందుగా వచ్చే ప్రశ్న ఒకటుంటుంది: వారు తమ పనులు తాము చేసుకోగలరా? చేసుకోగలరంటేనే మాట ముందుకు సాగుతుంది. లేదంటే "మా దగ్గర మంచాన పడ్డవారిని చూసే ఏర్పాటు లేదు" అన్న జవాబు వస్తుంది. దేశంలో చాలా ఆశ్రమాల ప్రవేశ నిబంధన ఇదే. చేరాక మంచం పడితే ఇంటికి తీసుకెళ్లాలని కొన్నిచోట్ల ముందే సంతకం కూడా పెట్టిస్తారు.

వృద్ధుల సంరక్షణలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఒక మనిషికి ఏ రోగాలున్నాయో తెలిసినంత మాత్రాన ఆయన రోజు ఎలా గడుస్తుందో తెలియదు. ఇద్దరికీ మధుమేహం, ఇద్దరికీ మోకాళ్ల అరుగుదల ఉండొచ్చు. ఒకాయన రోజూ మార్కండేయుడి గుడిదాకా నడిచి వస్తుంటాడు, ఇంకొకాయన మంచం దిగలేడు. ఆ తేడా ఏ రక్తపరీక్షలోనూ కనబడదు. దాన్ని కనిపెట్టే పద్ధతుల కోసం వైద్యలోకం అరవై ఏళ్లకు పైగా శ్రమించింది. వచ్చిన పనిముట్లు బోలెడు. మన దేశంలో మాత్రం ఆ ప్రశ్న గడప దగ్గర ఒక్కసారి వినబడి ఆగిపోతుంది. తలుపు మూయడానికి పనికొచ్చినంతగా ఆ తర్వాతి సంరక్షణకు పనికిరావడం లేదు. ఈ సమీక్ష రాయడానికి కారణం అదే.

ఈ కొలతల కథ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. అక్కడి బెంజమిన్ రోజ్ ఆసుపత్రిలో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ తుంటి ఎముక విరిగిన వృద్ధులు ఎలా కోలుకుంటున్నారో గమనించి, 1963లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లు చూసినవి ఆరే ఆరు పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఒక్కోదానికి చేసుకోగలరు, చేసుకోలేరు అని గుర్తు పెట్టారు. దీనికి పరికరం అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. పక్కనుండి చూస్తే చాలు. ఇంత తేలికైన కొలత ఇన్నేళ్లు నిలబడటానికి కారణం వాళ్లు కనిపెట్టిన ఒక క్రమం. శక్తి తగ్గేటప్పుడు సాధారణంగా స్నానం ముందు పోతుంది, తినడం అన్నిటికన్నా చివర పోతుంది. కోలుకునేటప్పుడు వరస తిరగబడుతుంది, తినడం ముందు తిరిగి వస్తుంది. పసిపిల్లలు ఒక్కో పనీ నేర్చుకునే వరసకు ఇది దగ్గరగా ఉందని కాట్జ్ రాశాడు.

ఆశ్రమం నడిపేవారికి ఈ క్రమం ఎంత విలువైనదో ఆలోచించండి. నిన్నటిదాకా తానే నీళ్లు పోసుకున్న అవ్వ ఈ వారం "చలిగా ఉంది, రేపు పోసుకుంటా" అని వాయిదా వేస్తుంటే అది బద్ధకం కాకపోవచ్చు. తడినేల మీద కాలు నిలవడం లేదని ఆమెకు తెలిసి ఉండొచ్చు, చెప్పుకోలేకపోతూ ఉండొచ్చు. ఆ దశలో గోడకు ఒక పట్టుకొయ్య, కూర్చుని పోసుకోవడానికి ఒక పీట సమకూరిస్తే ఇంకొన్నాళ్లు ఆమె స్నానం ఆమె చేతిలోనే ఉంటుంది. ఎవరూ పట్టించుకోకపోతే ఒకరోజు జారిపడుతుంది. తుంటి విరుగుతుంది. అక్కడినుంచి మంచమే.

1965లో ఫ్లోరెన్స్ మహోనీ, డొరొతియా బార్తెల్ ఇంకొంచెం సూక్ష్మమైన కొలత తెచ్చారు. పది పనులు, మొత్తం వంద మార్కులు. నడకకూ మెట్లు ఎక్కడానికీ కూడా చోటిచ్చారు. పక్షవాతం వచ్చినవారికి మన ఫిజియోథెరపిస్టులు నేటికీ వాడేది ఎక్కువగా ఇదే. వందకు వంద వచ్చినంత మాత్రాన ఆ మనిషి ఒంటరిగా బతకగలడని అనుకోవద్దని ఈ కొలతను తయారుచేసినవాళ్లే హెచ్చరించారు. వంట, ఇంటి నిర్వహణ, నలుగురితో వ్యవహారం ఇందులో లేవు కదా. ఆ లోటు పూడ్చడానికి 1969లో లాటన్, బ్రోడీ ఎనిమిది పనుల పట్టిక రాశారు. ఫోన్ వాడటం, బజారు చేయడం, వంట, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం. మగవాళ్లకు వంట, ఇంటిపని, ఉతుకుడు లెక్కలోంచి తీసేసే అలవాటు అప్పట్లో ఉండేది. ఆ మినహాయింపు భివండి నేతగాడికి వర్తించదు. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన మగవాళ్లు ఏళ్ల తరబడి బిస్సీలనే మెస్సుల్లో తిన్నారు, లేదంటే నలుగురు కలిసి ఖోలీ తీసుకుని వంతులవారీగా వండుకున్నారు, ఉతుక్కున్నారు. వండటం ఆపేశాడంటే ఆ తాత విషయంలో అది గమనించాల్సిన మార్పే. కొలతను ఎవరి బతుకు చూసి తయారుచేశారన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కొలతను చట్టంలోకి ఎక్కించిన దేశాలు మూడింటి గురించి క్లుప్తంగా చెప్పాలి. అమెరికాలో నర్సింగ్ హోముల దుస్థితి మీద 1986లో ఒక నిపుణుల నివేదిక వచ్చింది, 1987లో సంస్కరణ చట్టం వచ్చింది. చేరిన 14 రోజుల్లోపు ప్రతి నివాసినీ ఒకే నమూనాలో సమగ్రంగా పరీక్షించాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి, స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు వచ్చినప్పుడల్లా మళ్లీ చూడాలి. ఆ పరీక్ష ఆధారంగానే ఎవరికి ఏం చేయాలో రాసుకోవాలి. జపాన్ 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమా పెట్టింది. ప్రభుత్వం పంపిన మనిషి ఇంటికొచ్చి 74 అంశాలు చూస్తాడు. రోజుకు ఎన్ని నిమిషాల సాయం అవసరమో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఒక కమిటీ దాన్ని సరిచూసి ఏడు స్థాయిల్లో ఒకటి నిర్ణయిస్తుంది. జర్మనీ కూడా చాలాకాలం నిమిషాలే లెక్కపెట్టింది. ఒళ్లు గట్టిగా ఉండి మతి తప్పిన మనిషి ఆ లెక్కలో ఆరోగ్యవంతుడిగా తేలేవాడు, ఎందుకంటే ఆయనకు స్నానం చేయించడానికి నిమిషాలు పట్టవు, రోజంతా వెంట ఉండటానికి పడతాయి. 2017లో వాళ్లు నిమిషాలు వదిలేసి, మనిషి ఎంతవరకు స్వతంత్రుడో చూసే అయిదు స్థాయిల పద్ధతికి మారారు.

ఈ దేశాల్లో మార్కులకు డబ్బు ముడిపడి ఉంది. దానివల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. నివాసి ఎంత అశక్తుడైతే సంస్థకు అంత సొమ్ము ముడుతుంది కనుక ఆయన తేరుకుంటే నష్టపోయే పరిస్థితి వస్తుంది. మన దగ్గర వంకర ఇంకో దిక్కుకు ఉంది. అశక్తుడైతే చోటే దొరకదు కనుక కుటుంబం దాచిపెడుతుంది. "నాన్నగారు అన్నీ చేసుకుంటారండీ" అని ఫోన్‌లో చెప్పి, రాత్రిపూట పక్క తడుస్తున్న సంగతి మింగేస్తారు. వారం తిరక్కుండానే అది బయటపడుతుంది. ఆశ్రమంవాళ్లకు మోసపోయామన్న కోపం, పెద్దాయనకు తలవంపు. ఆ కుటుంబం చేత అబద్ధం ఆడించింది ప్రవేశ నిబంధనే.

చేయగలగడం వేరు, చేయడం వేరు. ఈ ప్రశ్న మొత్తంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచే సంగతి ఇది. మార్గ్రెట్ బాల్టెస్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో నివాసులకూ సిబ్బందికీ మధ్య జరిగేదాన్ని ఏళ్ల తరబడి గమనించింది. తన పని తాను చేసుకునే వృద్ధుడి వైపు సిబ్బంది చూడను కూడా చూడరు. చేతకాదని కూర్చున్నవాడి దగ్గరికి వెంటనే వస్తారు, పలకరిస్తారు, చేసిపెడతారు. పలకరింపు కావాలంటే చేతకానివాడు కావాలని ఆ మనిషి నేర్చుకుంటాడు. సిబ్బందిలో దురుద్దేశం ఏమీ లేదు. చొక్కా గుండీలు తాను పెట్టుకుంటే తాతకు పదిహేను నిమిషాలు పడుతుంది, ఆయా పెడితే ఒక్క నిమిషం. ఆమెకు ఇంకా ఇరవైమంది ఉన్నారు. ఆరునెలలు ఆయా గుండీలు పెట్టాక తాత వేళ్లకు ఆ పని నిజంగానే రాకుండా పోతుంది. అప్పుడు కాగితం మీద "బట్టలు కట్టుకోలేరు" అని రాస్తే అది నిజమే. ఆ నిజాన్ని తయారుచేసింది ఆశ్రమం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ ఈ రెండిటినీ విడిగా రాయమంటుంది. అనుకూలమైన చోట మనిషి ఏం చేయగలడు అన్నది ఒకటి, తానున్న చోట ఏం చేస్తున్నాడు అన్నది మరొకటి. 2015లో ఆ సంస్థే వెలువరించిన వార్ధక్య నివేదిక ఇంకో అడుగు వేసింది. మనిషి ఒంట్లో మనసులో ఉన్న శక్తి, చుట్టూ ఉన్న పరిసరం, ఈ రెండూ కలిస్తేనే పనిసామర్థ్యం అంది. పరిసరమంటే గడప ఎత్తు, మెట్లకు పట్టుకొయ్య ఉందా లేదా, దొడ్లో దీపం ఉందా లేదా, పక్కనున్న మనిషికి ఓపిక ఉందా లేదా అన్నవే. అప్పుడు "చేసుకోలేరు" అనే మాట ఆ వృద్ధుడి మీద ఇచ్చిన తీర్పుగా మాత్రమే మిగలదు, ఆ చోటి మీద కూడా ఇచ్చిన తీర్పవుతుంది. భివండిలోని పాత చాల్‌లో ఉమ్మడి మరుగుదొడ్డికి ఇరుకు మెట్లు దిగి వెళ్లలేని అవ్వ, నేలమీదున్న గదికి మారితే ఎవరి సాయమూ లేకుండా వెళ్లిరాగలదు. ఆమె మోకాళ్లు మారలేదు కదా!

ఇక మన బతుకులకు ఈ కొలతలు అతకవన్న సంగతి. కాట్జ్ పట్టికలో మంచానికీ కుర్చీకీ మధ్య రాకపోకలు ఉన్నాయి, నేల లేదు. మన ముసలివాళ్లు నేల మీద కూర్చుని తిన్నవారు, నేల మీద పడుకున్నవారు, గొంతుక్కూర్చుని దొడ్డికి వెళ్లినవారు. నేల మీంచి లేవలేకపోవడం అన్నది మన దగ్గర శక్తి సన్నగిల్లుతోందనడానికి తొలి గుర్తు. బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 80 ఏళ్లవారు రెండువేల మందిని నేలమీద కూర్చుని లేవమన్నారు. చేయి ఆనించినా మోకాలు మోపినా మార్కు తగ్గించారు. తక్కువ మార్కులు వచ్చినవారిలో ఆ తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయని 2012లో ప్రకటించారు. మన ఇళ్లలో పూటకోసారి జరిగే పనే ఇది. భోజనానికి కూర్చున్నప్పుడు చూస్తే చాలు, వేరే పరీక్ష పెట్టనక్కర్లేదు.

మతి పరీక్షల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తెచ్చిన ముప్పై మార్కుల పరీక్షలో వందలోంచి ఏడేసి తీసేయడం, ఒక వాక్యం రాయడం, బొమ్మ చూసి గీయడం ఉంటాయి. బడి మొహం చూడని మనిషి అందులో తప్పితే అది మతిమరుపు కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో 1990లలో పనిచేసిన పరిశోధకులు దీన్ని గట్టిగా పట్టుకున్నారు. చదువురానివారికి తగిన హిందీ మతి పరీక్షనూ, దాంతోపాటు రోజువారీ పనుల పట్టికనూ తయారుచేశారు. ఆ పట్టికలోని ప్రశ్నలు పల్లె బతుకులోంచి వచ్చాయి. అన్నం తిన్న సంగతి మరిచిపోతున్నాడా, ఊళ్లో దారి తప్పుతున్నాడా, ముఖ్యమైన పండుగలు గుర్తున్నాయా, ఇంటి విషయాల్లో తన మాట చెబుతున్నాడా. చివరి ప్రశ్న నాకు ఎంతో ఇష్టం. మన కుటుంబాల్లో పెద్దవాడి మాట ఆగిపోవడమంటే ఎంత పెద్ద మార్పో తెలిసినవాళ్లు రాసిన ప్రశ్న అది.

తెలుగులోనూ పని జరిగింది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిక్షయ రోగుల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో తెలిపింది. చదువురానివారిలో కూడా ఆ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, బజారులో మరాఠీ మాట్లాడిన భివండి పద్మశాలిని తలచుకుంటూ ఆ ఫలితాన్ని చదవాలనిపిస్తుంది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో అయిదు భారతీయ భాషల్లో సిద్ధమైన మతి పరీక్షల సంపుటిలో తెలుగు ఒకటి. అంటే పనిముట్టు ఉంది. థానే జిల్లా ఆశ్రమంలో ఉన్న తెలుగు అవ్వ దగ్గరికి అది చేరాలి, అంతే. మతి తగ్గేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోవడం తరచుగా కనిపించేదే. ఆమెను మరాఠీలో అడిగి, జవాబు రాలేదని "స్పృహ లేదు" అని రాసేవారికి ఆమె నోట్లో తెలుగు ఇంకా నిక్షేపంగా ఉందని ఎవరు చెప్పాలి? "అవ్వా, మార్కండేయ జయంతి వచ్చిపోయిందా, రావాలా?" అని అడిగి చూడాలి.

భివండి నేతగాడి ఒంటికి ఇంకో రెండు చరిత్రలున్నాయి. ఒకటి చెవి. సాంచల షెడ్డులో మోత తరచుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ముప్పై నలభై ఏళ్లు అందులో నిలబడినవాడికి వినికిడి పోవడంలో వింతలేదు. వినబడని మనిషి ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే మతిమరుపు ఖాతాలో పడతాడు. అందుకే సాంచ మనిషికి ముందు చెవి, తర్వాతే మతి పరీక్షించాలి. ఈ వరస తప్పితే కొలత మొత్తం తప్పవుతుంది. రెండోది ఎముక. వచ్చినవాళ్లలో చాలామందిది నల్లగొండ జిల్లా. బాల్యంలో ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్లు వారిలో ఉన్నారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వర్ణించారు. దాన్ని పల్లెల్లో గుర్తించడానికి మూడు పనులు చేయిస్తారు: వంగి కాలివేళ్లు తాకడం, గడ్డం రొమ్ముకు ఆనించడం, చేతులు చాపి తల వెనక్కు చేర్చడం. ఎక్స్‌రే లేకుండా, నిమిషంలో, మనిషి ఏం చేయగలడో చూసి వ్యాధిని అనుమానించే పద్ధతి ఇది. తల దువ్వుకోలేని, చొక్కా తొడుక్కోలేని నల్లగొండ తాతను "ముసలితనం" అని వదిలేయకుండా ఆ మూడూ చేయించి చూడాలి.

తెలంగాణ ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన ఆసరా పింఛను నేత కార్మికులకు 50 ఏళ్లకే ఇస్తున్నారు. నేతపని మనిషిని త్వరగా ముసలివాణ్ని చేస్తుందని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే లెక్క. అదే పని భివండిలో చేసి, ఇక్కడే రేషను కార్డు ఉన్నవాడి ఒంటికి ఆ గుర్తింపు లేదు. వయసు చూసే నిబంధనలకూ శక్తి చూసే నిబంధనలకూ ఉన్న తేడా ఇలాంటిచోట బయటపడుతుంది.

ఆశ్రమవాసుల సామర్థ్యాన్ని మన తెలుగు నేల మీద పద్ధతిగా పరీక్షించిన సందర్భం ఒకటి చెప్పుకోదగ్గది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాదులోని 41 వృద్ధాశ్రమాలకు వెళ్లింది. అరవై దాటినవారిని, దాదాపు 1,200 మందిని, వాళ్లున్నచోటే పరీక్షించింది. పదిమందిలో ముగ్గురికి చూపు తగ్గి ఉంది. ఆ తగ్గుదలలో సగానికి దగ్గరగా శుక్లాల వల్లే. పావువంతుకు పైగా సరైన కళ్లద్దాలు లేకపోవడం వల్ల. అంటే ఎక్కువమందికి ఒక చిన్న ఆపరేషనో ఒక జత అద్దాలో చాలు. మహానగరంలో, పెద్ద పెద్ద కంటి ఆసుపత్రుల నీడలో ఉంటూ, ఆశ్రమంలో ఉన్నందువల్ల ఎవరూ అడగక వీళ్లు మసకచూపుతో రోజులు నెట్టుకొస్తున్నారు. మసకచూపు మనిషి స్నానానికి భయపడతాడు, మందుబిళ్లలు మార్చి మింగుతాడు, నడక తగ్గించేస్తాడు. ఈ పట్టికలన్నిటిలో గుర్తులు పోతాయి, కారణం అద్దాలు లేకపోవడం! నా దృష్టిలో ఈ అధ్యయనం గొప్పతనం అంకెల్లో కన్నా, పరీక్ష ముగిసిన చోటే పరిష్కారం కనబడటంలో ఉంది.

చట్టాల మాటకొస్తే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 19వ సెక్షను జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా దశలవారీగా ఏర్పాటు చేయవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. చేయాల్సిందేనని గట్టిగా అనలేదు. అక్కడ చేరినవారిని ఎప్పుడెప్పుడు పరీక్షించాలో చెప్పలేదు. 2016 నాటి వికలాంగుల చట్టం 40 శాతం వైకల్యాన్ని గీతగా పెట్టింది. అన్నీ కొంచెం కొంచెం తగ్గి, ఏదీ ఆ గీత దాటని ఎనభై ఏళ్ల మనిషి దాని కంటికి ఆనడు. దేశవ్యాప్త వార్ధక్య సర్వే మొదటి విడతలో, 2017-18లో, అరవై దాటినవారిలో దాదాపు నాలుగోవంతు మందికి స్నానం, తిండి వంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకదాంట్లో ఇబ్బంది ఉందని, బజారు, డబ్బు, మందుల వంటి పనుల్లో కనీసం ఒకదాంట్లో ఇబ్బంది ఉన్నవారు సగానికి దగ్గరగా ఉన్నారని తేలింది. "తమ పనులు తాము చేసుకునేవారికే" అన్న బోర్డు పెట్టి ఇంతమందిని ఎక్కడికి పంపుతాం?

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఆరోగ్య పత్రంలో అరవై దాటినవారికి విడిగా నాలుగు ప్రశ్నలున్నాయి. నిలబడినా నడిచినా తూలుతున్నారా, కదలనివ్వని వైకల్యం ఏదైనా ఉందా, రోజువారీ పనులకు సాయం కావాలా, అయినవాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరిచిపోతున్నారా. పట్టణపు చాల్‌లోనూ పల్లెలోనూ అడగగలిగిన ప్రశ్నలివి. ఆశ్రమాలను ఇల్లుగా లెక్కించి అక్కడికీ వెళ్లమని ఆశాలకు చెబితే, కొత్త పథకం ఏదీ లేకుండానే మొదటి అడుగు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 చేతిపుస్తకం దీనికి తోడవుతుంది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేవడం 14 సెకన్లలో అవుతుందా, మూడు మాటలు చెప్పి కాసేపటికి అడిగితే గుర్తున్నాయా, మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గారా, గుసగుసగా అన్న మాట వినబడుతోందా వంటి తేలిక పరీక్షలు అందులో ఉన్నాయి.

అభ్యంతరం ఒకటి తరచుగా వింటాం: ఉన్న ఇద్దరు ఆయాలతో వంటా వార్పే కష్టం, ఈ రాతకోతలు ఎవరు చేస్తారని. న్యాయమైన బాధే. కానీ పక్కనుండి చూసేది ఆయానే. డాక్టరు నెలకోసారి వచ్చి అయిదు నిమిషాలు నాడి చూసి వెళ్తాడు. ఎవరి చేయి వణుకుతోందో, ఎవరు పళ్లెంలో సగం వదిలేస్తున్నారో, ఎవరు రాత్రి మూడుసార్లు లేస్తున్నారో ఆమెకు తెలుసు. ఆమె చేతికి పేరుకో పేజీ ఉన్న ఒక పుస్తకం, అందులో కాట్జ్ చెప్పిన ఆరు పనులకు ఆరు గడులు ఇస్తే నెలకు మనిషికి అయిదు నిమిషాలకు మించి పట్టదు. చదువురాకపోతే తాను చేసుకుంటే పచ్చచుక్క, సాయం కావాలంటే పసుపు, పూర్తిగా చేసిపెట్టాలంటే ఎరుపు పెడుతుంది. రెండు నిబంధనలు మాత్రం తప్పకూడదు. రెండు మూడు రోజుల్లో పచ్చ ఎరుపైతే వెంటనే డాక్టరును పిలవాలి, ఎందుకంటే వృద్ధుల్లో మూత్రంలో చీము, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కొత్తగా ఇచ్చిన మందు తేడా చేయడం వంటివి జ్వరం రాకుండానే ముందు ఇలాగే కనబడతాయి. చుక్క మారిన ప్రతిసారీ ఏదో ఒకటి మార్చాలి కూడా. పీటో, దీపమో, కర్రో, గది వరసో. ఏమీ మార్చని ఆశ్రమంలో రాసిన చుక్కలు వృథా.

అడిగే తీరు గురించి ఒక మాట. "టాయిలెట్‌కు వెళ్లగలరా?" అని నలుగురి ముందు గట్టిగా అడిగితే ఏ పెద్దమనిషి అయినా "ఆ, వెళ్తాను" అనే అంటాడు. పరువు ముందు, నిజం తర్వాత. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, "బాపూ, రాత్రి లేవాల్సి వస్తే ఇబ్బంది అవుతుందా? దీపం పెట్టమంటవా?" అంటే జవాబు వేరుగా వస్తుంది. ప్రశ్నలోనే సాయం ఉందని ఆయనకు తెలియాలి. ఈ జవాబు వల్ల బయటికి పంపరన్న భరోసా ఉండాలి. ఆ భరోసా లేనిచోట ఎంత గొప్ప కొలపట్టికైనా అబద్ధాలే పోగుచేస్తుంది. పరీక్షకూ బయటికి పంపడానికీ ఉన్న ముడి తెంచడం మొదటి సంస్కరణ అని నేననేది అందుకే. ప్రవేశానికి షరతుగా తమ పనులు తాము చేసుకోగలరా అని అడగడాన్ని ప్రభుత్వ సాయం పొందే ఆశ్రమాల్లోనైనా నిషేధించాలి. చేరాక మొదటి రెండు వారాల్లో, ఆపైన మూడు నెలలకోసారి అడగడాన్ని తప్పనిసరి చేయాలి. మంచాన పడ్డవారికయ్యే అదనపు ఖర్చు ప్రభుత్వం భరించాలి. అవసరాన్ని బట్టి డబ్బు ఇవ్వడం జపాన్, జర్మనీలు చేసిందే, డబ్బు ముడిపెట్టేచోట వాళ్లకు ఎదురైన చిక్కులు మనకు ముందే తెలుసు కూడా.

పద్మనగర్ కులసంఘాలకు, యువక మండళ్లకు ఒక విన్నపం. కల్యాణ మండపాలు కట్టుకున్నాం, గుళ్లు కట్టుకున్నాం, పిల్లలకు బడులు నిలుపుకున్నాం. మనవాళ్లు ఏ ఏ ఆశ్రమాల్లో ఉన్నారో ఒక జాబితా రాయండి. తెలుగు వచ్చిన నర్సమ్మలు, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. నెలకు ఒక ఆదివారం వాళ్లను తీసుకుని వెళ్లండి. చెవి, కన్ను, నడక, మాట చూడండి, తెలుగులో అడగండి, రాసిపెట్టండి. పెద్దవాళ్లను ఆశ్రమంలో చేర్చబోయే కుటుంబాలు రుసుము ఎంతని అడిగే ముందు ఇంకోటి అడగండి: చేర్చుకున్నాక మా అమ్మ ఏం చేసుకోగలుగుతోందో మళ్లీ ఎప్పుడు చూస్తారు, ఎవరు చూస్తారు, ఏ భాషలో అడుగుతారు? జవాబు లేని చోట చేర్చకండి.